పూరంగు చూసి కోయకండి: చెరువు అంచున నీరుగన్నేరు గింజల సేకరణ

మా కావలి చుట్టుపక్కల చెరువులు నిండేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకే. సంక్రాంతి దాటాక నీళ్లు దిగడం మొదలవుతుంది. అప్పుడు కట్ట లోపలి వైపు, తుంగ పక్కనే, గులాబీ, తెలుపు రంగుల సన్నని కంకులు వంగి కనిపిస్తాయి. అదే నీరుగన్నేరు. ఆకు గన్నేరు ఆకులా పొడవుగా ఉంటుంది కానీ గన్నేరుతో దీనికి చుట్టరికం లేదు. ఇది పాలిగోనేసీ కుటుంబానికి చెందింది. మనం పప్పులో వేసుకునే చుక్కకూర, ఉత్తరాది వాళ్లు ఉపవాసాలకు వాడే కుట్టు (బక్‌వీట్) పిండినిచ్చే మొక్క కూడా ఆ కుటుంబానివే.

మా చెరువులో పూడిక తీసి రెండేళ్లయినా ఒక పక్క ఈ పచ్చని అంచు తిరిగి రాలేదు. ఒకప్పుడు నీటికోళ్లు పిల్లలను దాచుకున్న చోటు ఇప్పుడు బోసిగా ఉంది. అది చూడలేకే గింజలు పోగు చేయడం మొదలుపెట్టాను.

ముందు మొక్కను గుర్తుపట్టాలి. పువ్వును వదిలేసి కణుపును చూడండి. ప్రతి కణుపు దగ్గరా కాండాన్ని గొట్టంలా చుట్టుకుని పలుచని పొర ఉంటుంది. చొక్కా చేతిని మణికట్టు దాకా లాగినట్టు కనిపించే ఈ తొడుగే మన చెరువు గట్లలో ఈ కుటుంబానికి గుర్తు. పక్కనే పెరిగే పొన్నగంటిలో ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, తొడుగు ఉండదు. తొడుగు దొరికాక భూతద్దం పెట్టి దాని అంచు చూడండి. మీసాల్లాంటి పొడవాటి వెంట్రుకలుంటే పెర్సికేరియా బార్బేటా. నున్నగా ఉంటే పెర్సికేరియా గ్లాబ్రా. రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి సంచులు వేరుగా పెట్టుకోవాలి.

అసలు కష్టం గింజ పక్వం దగ్గర వస్తుంది. చాలా పువ్వులకు రేకులు రాలితే కాయ ముదురుతోందని తెలుస్తుంది. దీనికి రేకులు రాలవు, గింజను కప్పుకుని అలాగే ఉండిపోతాయి. అందువల్ల నిన్న విచ్చిన పువ్వు, నెల కిందట విచ్చిన పువ్వు దూరం నుంచి ఒకే గులాబీ రంగులో కనిపిస్తాయి. మొదటి ఏడాది నేను రంగు చూసి మురిసిపోయి ఒక సంచి నిండా కంకులు కోశాను. ఇంటికొచ్చి నలిపితే చేతిలో మిగిలింది చాలా వరకు పొట్టే. ఇప్పుడు ఒక్కో కంకి నుంచి నాలుగైదు పువ్వులు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తాను. పాలు కారితే ఇంకా పదిహేను రోజులు ఆగాలి. నల్లగా, మెరుస్తూ, గోటితో నొక్కినా లొంగని గింజ జారిపడితే అది పండినట్టు. బ్లేడుతో రెండుగా కోస్తే లోపల తెల్లని పిండి కనిపించాలి. బార్బేటా గింజకు మూడు పలకలుంటాయి.

ఒకే కంకిలో మొగ్గ, పువ్వు, పండిన గింజ కలిసే ఉంటాయి. అందుకే కంకి కోయవద్దు. కింద గుడ్డసంచి పట్టి కంకిని మెల్లగా దులపండి, పండినవే రాలతాయి. వారం పదిరోజుల తేడాతో మూడుసార్లు వెళ్లండి.

ఎప్పుడు వెళ్లాలో నాకు చెప్పింది గేదెలు మేపే ఒక పెద్దాయన. “కలుజు వైపు ముందు ఎండుతుందమ్మా, తూము దగ్గర ఇంకో నెల నీళ్లుంటాయి” అన్నాడు. కలుజంటే చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు, తూమంటే పొలాలకు నీళ్లు వదిలే చోటు. ఆ మాట పట్టుకుని ఫిబ్రవరిలో కలుజు నుంచి మొదలుపెట్టి మార్చి చివరికి తూము చేరుతున్నాను.

ఎంత తీసుకోవాలన్న దానికి విత్తన నిధులు (సీడ్ బ్యాంకులు) పాటించే లెక్క ఒకటుంది: ఆ రోజు పండి ఉన్న గింజల్లో 20 శాతానికి మించకుండా, కనీసం 50 మొక్కల నుంచి కొంచెం కొంచెంగా. ఇవి పాకుతూ కణుపుల దగ్గర వేళ్లు దిగే మొక్కలు. పక్కపక్కన ఉన్న పది కాండాలు ఒకే మొక్క కావచ్చు, కాబట్టి దూరదూరంగా నడిచి తీసుకోవాలి. నేలపట్టు, పులికాట్ అభయారణ్యాల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా చేయి పెట్టవద్దు. ఊరి చెరువులోనైనా పెద్దలకు ఒక మాట చెప్పండి.

నీళ్లు పూర్తిగా దిగిన చెరువు అడుగున నేలకు పరుచుకునే చిన్న బంధువు ఒకటుంది, పాలిగోనమ్ ప్లీబీయమ్. పువ్వులు ఆకు మొదట్లోనే దాక్కుంటాయి, గింజ దాదాపు రాగి గింజంత. దులపడం కుదరదు. మొక్క కింద కాగితం పరిచి వేళ్లతో దువ్వాలి. తోటల్లో, కంచెల మీద గులాబీ గుత్తులతో అల్లుకునే యాంటిగోనాన్ తీగ కూడా ఈ కుటుంబానిదే కానీ అది మెక్సికో నుంచి వచ్చింది. దాని గింజలు చెరువు దగ్గరికి తేవద్దు.

గింజలను ప్లాస్టిక్ కవరులో ఒక్క రాత్రి కూడా ఉంచకండి, బూజు పడతాయి. నీడలో వారం రోజులు ఆరబెట్టి, అరచేతుల మధ్య నలిపి, చేటలో చెరగండి. కాగితపు పొట్లం మీద ఒక అంకె వేసి, చెరువు పేరు, కలుజు వైపో తూము వైపో, తేదీ, ఎన్ని మొక్కల నుంచి తీశారో రాయండి. కణుపు తొడుగు కనిపించేలా ఒక కొమ్మను పాత పేపర్ల మధ్య నొక్కి అదే అంకె వేసి దాచండి. పేరు తప్పుపడితే దిద్దుకోవడానికి అదే ఆధారం.

ఏ చెరువు గింజ ఆ చెరువుకే. కిందటి ఫిబ్రవరిలో బోసిపోయిన ఆ పక్కన, నీటి అంచుకు జానెడు పైన, తడి ఒండ్రు మీద గింజలు చల్లి అరచేత్తో అదిమాను. అన్నీ ఒకేసారి మొలవలేదు. మూడో వారానికి కొన్ని లేచాయి. వంగి భూతద్దం పెట్టి చూస్తే, ఇంకా దారమంత కూడా లేని కాండం మీద, మొదటి కణుపు చుట్టూ తొడుగు కనిపించింది.