భారత నౌకాదళపు సీ హారియర్‌ను కిట్ నుంచి సరిగ్గా నిర్మించడం ఎలా

ఓడ మీది నుంచి ఎగిరి నిట్టనిలువునా దిగే యుద్ధవిమానం సీ హారియర్. దాని ప్లాస్టిక్ నమూనా కిట్ పెట్టె తెరిచే ముందే ఒక నిర్ణయం తీసుకోవాలి: మీరు నిర్మించబోయేది ఏ విమానం, ఏ కాలం నాటిది? 1983 డిసెంబరులో గోవాకు చేరిన తొలి సీ హారియర్లకూ, 2016 మే నెలలో సేవ నుంచి తప్పుకున్న చివరి సీ హారియర్లకూ మధ్య మూడు దశాబ్దాలకు పైగా కాలం గడిచింది. ఆ కాలంలో రంగులు, క్షిపణులు, రాడార్ అన్నీ మారాయి. అందుచేత తోక మీది నంబరు స్పష్టంగా కనిపించే ఒక ఫొటోను, వీలైతే తీసిన సంవత్సరం తెలిసినదాన్ని, ముందుగా ఎంచుకుని పనిబల్ల ఎదురుగా గోడకు అంటించుకోండి. ఏ భాగం విషయంలో సందేహం వచ్చినా కిట్‌తో వచ్చిన సూచనల కాగితాన్ని కాక ఆ ఫొటోనే అడగాలి.

కిట్ ఎంపికలో తికమక పడనక్కర్లేదు. మన నౌకాదళం వాడిన ఎఫ్ఆర్ఎస్-51, బ్రిటిష్ ఎఫ్ఆర్ఎస్-1కు అతి దగ్గరి రూపం. కాబట్టి 1/72లో (అంటే అసలు విమానంలో 72వ వంతు కొలతలో) ఎయిర్‌ఫిక్స్, 1/48లో తమియా లేదా కైనెటిక్ వారి ఎఫ్ఆర్ఎస్-1 కిట్‌తో మొదలుపెట్టవచ్చు. తర్వాతి బ్రిటిష్ రూపమైన ఎఫ్ఏ-2 కిట్ మాత్రం కొనవద్దు. దాని ముక్కు ఉబ్బెత్తుగా ఉంటుంది, రెక్కల వెనుక భాగంలో శరీరం పొడవు పెరిగింది; దాన్ని కోసి సరిచేయడం కంటే మరో కిట్ కొనడమే చవక. అసలు విమానం పొడవు సుమారు 14.5 మీటర్లు, రెక్కల వెడల్పు 7.7 మీటర్లు. 1/72లో ఇవి దాదాపు 201, 107 మిల్లీమీటర్లు అవుతాయి. 1/48లో 302, 160. శరీరపు రెండు సగాలనూ టేపుతో కలిపి, జిగురు పెట్టకముందే స్కేలుతో ఒకసారి కొలిచి చూసుకోండి.

ఆధారాల కోసం గోవాలో దబోలిమ్ విమానాశ్రయానికి దగ్గరలోని నౌకాదళ విమాన మ్యూజియంకు వెళ్ళవచ్చు. సెలవులకు బెంగళూరు నుంచి విశాఖ వెళ్ళేవారు బీచ్ రోడ్డులో ప్రదర్శనకు పెట్టిన సీ హారియర్‌ను చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకోవచ్చు. చక్రాల గూళ్ళు, ఇంజను నుంచి గాలి, వాయువులు బయటికి వెళ్ళే నాజిళ్ళ అంచులు, రివెట్ల వరుసలు చూడడానికి ఇంతకు మించిన చోటు లేదు. అయితే మ్యూజియం విమానాన్ని ఆకారం కోసం నమ్మండి, రంగు కోసం నమ్మవద్దు. ప్రదర్శనలో పెట్టిన విమానాలకు తర్వాత ఎన్నోసార్లు రంగు వేస్తారు, కొన్ని రంధ్రాలు మూసేస్తారు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది నాజిళ్ళ మీద. నేను కట్టిన మొదటి సీ హారియర్‌ను మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక పెద్దాయనకు చూపించాను. నెల్లూరు ఆయన, నౌకాదళంలో చాలాకాలం మెకానిక్‌గా పనిచేసి రిటైరై పిల్లల దగ్గర బెంగళూరులో స్థిరపడ్డారు. కళ్ళజోడు సవరించుకుని నమూనాను కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి చూసి, ముందు నాజిల్ మీద వేలుపెట్టి, "ఈ ముందువాటికి ఎందుకు మసి పూశావు నాయనా? వీటిలోంచి వచ్చేది పొగ కాదు, గాలి" అన్నారు. సీ హారియర్‌లోని పెగాసస్ ఇంజనుకు నాలుగు నాజిళ్ళున్నా, ముందున్న రెండింటిలోంచి వచ్చేది ఇంజను ఫ్యాన్ నొక్కి పంపిన గాలి మాత్రమే. మండిన వాయువులు వెళ్ళేది వెనుక రెండింటి నుంచే. కాబట్టి ముందు నాజిళ్ళను శుభ్రమైన బూడిద రంగులో ఉంచి, వెనుకవాటికి మాత్రం కాలిన లోహపు ఛాయ ఇవ్వాలి. ముదురు గోధుమ, మసక నీలం, ఉక్కు రంగు పలచగా ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ ఛాయ వస్తుంది. వెనుక నాజిల్‌కు ఆనుకుని శరీరం మీద ఉండే వేడి కవచపు రేకును కూడా లోహపు రంగులోనే వేయండి. మరో సంగతి: నాలుగు నాజిళ్ళూ ఒకే యంత్రాంగంతో కలిసి తిరుగుతాయి. నాలుగింటి కోణం ఒకేలా ఉండాలి. అట్టముక్కతో ఒక కోణమాపకం కత్తిరించుకుని ఒక్కో నాజిల్‌ను దానికి ఆనించి అతికిస్తే పొరపాటు జరగదు.

గాలి ద్వారాల చుట్టూ ఉండే చిన్న తలుపులు రెండో పరీక్ష. ఇంజను ఆగి ఉన్నప్పుడు పైభాగాన ఉన్న తలుపులు తమ బరువుకే లోపలికి వాలిపోతాయి, కింది వైపువి మూసుకునే ఉంటాయి. చాలామంది అన్నీ మూసేస్తారు, లేదా అన్నీ తెరుస్తారు. అన్నీ తెరుచుకునేది ఇంజను గట్టిగా గాలి పీల్చేటప్పుడే. మీ కిట్‌లో తలుపులు మూసినట్టే పోసి ఉంటే, లోపలి నుంచి ఉప్పుకాగితంతో ప్లాస్టిక్‌ను పలచన చేసి, కొత్త బ్లేడుతో పై తలుపులను మాత్రం కోసి తీసి, 0.25 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటుతో కొత్తవి చేసి లోపలికి కాస్త వాల్చి అతికించండి. ఒక సాయంత్రం పడుతుంది, కానీ ఆగి ఉన్న విమానమని చూడగానే తెలిసేది దీనివల్లనే. ఫ్యాన్ రెక్కలు ముందు నుంచి బాగా కనిపిస్తాయి కనుక శరీరాన్ని కలపకముందే వాటికి రంగు వేయాలి. గాలి ద్వారం లోపలి అతుకును కూడా అప్పుడే పుట్టీతో పూడ్చాలి.

పొట్ట కింద 30 మిల్లీమీటర్ల ఏడెన్ తుపాకుల గూళ్ళు ఉండాలి, లేదంటే వాటి స్థానంలో పొడవాటి పట్టీలు ఉండాలి. ఆ చోటును ఖాళీగా వదలకూడదు. రెక్కల కింద క్షిపణుల విషయంలో మాత్రం కిట్‌ను గుడ్డిగా అనుసరించవద్దు. బ్రిటిష్ విమానాలు సైడ్‌వైండర్ మోశాయి, మనవి ఫ్రెంచి మాత్రా మాజిక్ మోశాయి. సైడ్‌వైండర్ మందం 127 మిల్లీమీటర్లు, మాజిక్ 157. 1/48లో ఇది 2.6కు, 3.3కు మధ్య ఉన్న తేడా; కంటికి తెలుస్తుంది. అంతేకాక మాజిక్‌కు ముందు భాగంలో ఒకదాని వెనుక ఒకటిగా రెండు వరుసల రెక్కలుంటాయి. తగిన మందం ఉన్న ప్లాస్టిక్ కడ్డీ మీద షీటు రెక్కలు అతికించి మీరే చేసుకోవచ్చు. తర్వాతి ఆధునికీకరణలో ఎల్టా 2032 రాడార్, డెర్బీ క్షిపణులు వచ్చాయి కాబట్టి 1980ల రంగుల్లో ఉన్న విమానానికి డెర్బీ తగిలించడం తప్పు.

తొలి రంగులు పైన బాగా ముదురు సముద్రపు బూడిద (ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే), కింద తెలుపు. పైరంగు బ్రిటిష్ ప్రమాణంలో 640వ నంబరు. సీసాలోని రంగును యథాతథంగా వేస్తే చిన్న నమూనా మీద మరీ నల్లగా కనిపిస్తుంది. నేను పది చుక్కలకు ఒకటిన్నర చుక్క తెలుపు కలుపుతాను. బెంగళూరు వానాకాలంలో లాకర్ రంగులు ఎయిర్‌బ్రష్‌తో వేస్తే గాలిలోని తేమకు పైన తెల్లటి పొర పడుతుంది. తెరిపి ఇచ్చిన మధ్యాహ్నం వేయడం, లేదా మర్నాటికి వాయిదా వేయడం మంచిది. ప్యానల్ గీతల్లో నల్లటి వాష్ (బాగా పలచన చేసిన రంగు) నింపే ముందు ఒక లెక్క వేయండి. 1/72లో 0.2 మిల్లీమీటర్ల గీత అసలు విమానం మీద 14 మిల్లీమీటర్ల సందు అవుతుంది. అంత సందు నిజం విమానానికి ఉండదు. అందుకే బూడిద రంగుకు కొంచెమే ముదురైన వాష్ చాలు. ఓడ మీద విమానాలను ఉప్పు పేరుకోకుండా మంచినీళ్ళతో తరచు కడుగుతారు కనుక బురద మరకలు కూడా వద్దు.

నీళ్ళలో తడిపి అంటించే గుర్తులైన డీకాల్స్‌లో, మూడు రంగుల వలయంలోని కాషాయం నాకు ఎప్పుడూ ఇబ్బంది పెట్టిన రంగు. ఒకసారి తెప్పించుకున్న షీటులో కాషాయం కింద తెల్ల సిరా పొర లేదు. ముదురు బూడిద మీద పెట్టగానే వలయం ఇటుక రంగుకు తిరిగింది. అప్పటి నుంచి ముందుగా ఒక పనికిరాని ప్లాస్టిక్ ముక్కకు అదే బూడిద పూసి, షీటులోని అదనపు గుర్తును దాని మీద పరీక్షిస్తాను. రంగు దిగితే, అసలు చోట వలయం కంటే వెంట్రుక వాసి చిన్నదైన తెల్ల వృత్తం ముందు వేసి, దాని మీద డీకాల్ పెడతాను.

చివరగా నిలుచునే తీరు. బెంగళూరులోనే 2012 ఏప్రిల్ 27న తొలిసారి ఎగిరిన నౌకాదళ తేజస్‌కు తోక కింద, ఓడ మీది తీగను పట్టుకుని ఆగడానికి కొక్కెం ఉంటుంది, మిగ్-29కెకూ ఉంటుంది. నిట్టనిలువునా దిగే సీ హారియర్‌కు ఉండదు. కాబట్టి కొక్కెం భాగం తప్పిపోయిందని వెతకవద్దు. ముందు ఒక చక్రం, మధ్యలో జంట చక్రాలు, రెక్కల వద్ద రెండు చిన్న ఆధార చక్రాలు అన్నీ ఒకే మట్టంలో నేలను తాకాలి. జిగురు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే నమూనాను అద్దం ముక్క మీద నిలబెట్టి, కళ్ళను ఆ మట్టానికి దించి ఆధార చక్రాల కింద కాగితం దూర్చి చూడండి. ఒక వైపు దూరితే ఆ కాలును పావు మిల్లీమీటరు కిందికి లాగి, రాత్రంతా కదపకుండా అలాగే వదిలేయండి. కానపీ (పైలట్ మీది అద్దపు కప్పు) ముందుండే, గాలి దిశను చూపే పిట్టరెక్కంత సూచిక విరిగిపోకుండా ఉండాలంటే దాన్ని సన్నని రాగి తీగతో చేసుకోండి. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కొన్న పాత వైరు తొక్క తీస్తే లోపల ఉండే పోగు దానికి సరిగ్గా సరిపోతుంది. దాన్ని అన్నిటికంటే ఆఖరున, పటకారుతో అతికించండి.