తత్సమాలను విప్పి చదవడం – 6వ పాఠం: సంసారం

కిందటి పాఠంలో గుణం చూశాం: సృ ధాతువు సర్ అయి ‘సరణం’ వచ్చింది. ఈసారి వృద్ధి, అంటే ఋ ఆర్ కావడం. ‘సంసారం’ విప్పుదాం.

సంసారం అంటే సంసారము; ముందు తెలుగు చేర్చిన ఆ ‘ము’ తీసేయండి. సంస్కృతంలో ఇది సంసారః, పుంలింగం. తర్వాత ఉపసర్గ విడదీయండి: సమ్ + సార. హల్లు ముందు మ్ సున్న అవుతుంది. అచ్చు ముందు నిలుస్తుంది, ‘సమాహారం’లో లాగా. మిగిలిన ‘సార’లో చివరి అ ఘఞ్ ప్రత్యయం, ధాతువును నామవాచకం చేసేది. అందులోని ఘ్, ఞ్ నిలవవు, కానీ ఆ ఞ్ వల్లే ధాతువు చివరి ఋకారానికి వృద్ధి వచ్చి ఆర్ అవుతుంది (పాణిని వ్యాకరణ సూత్రం 7.2.115). వెనక్కి తిప్పితే సృ: కదలు, సాగు. ఆగకుండా సాగుతూ ఉండటం, అంటే పుట్టి చచ్చి మళ్లీ పుట్టడం. జైనులు, బౌద్ధులు కూడా ఇదే మాట వాడారు.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే: ‘ఆర’ కనబడగానే ఋ పెట్టేస్తారు. ‘సంచారం’లో ధాతువు చృ కాదు, చర్; నడిమి అకారం దీర్ఘమైంది (7.2.116). తేల్చుకోవడానికి ‘త’ చేర్చిన రూపం గుర్తు తెచ్చుకోండి. అనుసారం–అనుసృతం, వికారం–వికృతం: ఋ ఉంది. ఆచారం–ఆచరితం: ఋ లేదు. అవతారం–అవతీర్ణం: ఈర్ణ వస్తే అది దీర్ఘ ౠకారం, ధాతువు తౄ. ‘ఉత్తీర్ణుడు’ కూడా ఆ ధాతువు నుంచే.

‘సంస్కారం’ ఇంకో చిక్కు. సం తీస్తే ‘స్కార’ మిగులుతుంది, అలాంటి ధాతువు కోసం వెతక్కండి. ఆ సకారం మధ్యలో వచ్చి చేరిన ఆగమం, ధాతువు కృ.

అర్థం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. వేదాంత గ్రంథంలో ‘సంసారి’ అంటే జన్మల్లో తిరిగే జీవుడు. మన ఊళ్లో పెళ్లాం బిడ్డలున్నవాడు. తెలుగులో సంసారం కాపురమైంది, ఇల్లాలు కూడా అయింది. అయినా ‘సంసారం ఈదుతున్నాడు’ అంటాం చూడండి, ఆ ఈతలో పాత సంసారసాగరం ఇంకా ఉంది. ఎంత అందమైన మిగులు! అందుకే పాత పద్యంలో ఈ మాట తగిలితే పక్కన సాగరం, బంధం, తరించడం లాంటి మాటలున్నాయేమో చూసి అర్థం చెప్పండి.

అభ్యాసం: ప్రసారం, సంభారం, ప్రహారం, విచారం. ఒక్కదానిలో ఋ లేదు. ‘త’ రూపం రాసి తేల్చండి. 7వ పాఠంలో ‘సంసృతి’: అక్కడ గుణమూ రాదు, వృద్ధీ రాదు.