సువార్త వచనాన్ని చదివే పద్ధతి – నాలుగో పాఠం: నూట యాభై మూడు చేపలు

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసంతోనే ఈ పాఠాన్ని మొదలుపెడదాం. యోహాను సువార్తలో అంకెలు వచ్చే చోట్లను వెదికి, వాటి పక్కన ‘సుమారు’, ‘ఇంచుమించు’ వంటి మాట ఉన్నవాటికి ఒక గుర్తు, లేనివాటికి మరో గుర్తు పెట్టమని అడిగాను. రొట్టెలు తిన్న అయిదు వేలమంది పురుషులు, బేతనియకు యెరూషలేముకు మధ్య దూరం, నీకొదేము తెచ్చిన సుగంధ ద్రవ్యాల తూకం మొదటి గుర్తు కిందికి వచ్చి ఉండాలి. కానాలోని ఆరు రాతి బానలు, బేతెస్ద కోనేటి దగ్గర పడి ఉన్న రోగి 38 ఏళ్లు రెండో గుర్తు కిందికి వస్తాయి. గ్రీకులో ఈ ‘సుమారు’కు వాడిన మాట ‘హోస్’. ఇప్పుడు 21వ అధ్యాయం తెరవండి. పునరుత్థానం తరువాత యేసు ఒడ్డున నిలబడి చెప్పగా శిష్యులు దోనెలోంచి వల వేసి చేపలు పట్టిన ఘట్టం అది. ఎనిమిదో వచనంలో దరికీ దోనెకూ మధ్య దూరం ‘హోస్’ 200 మూరలు. మూడు వచనాలు దాటేసరికి వలలోని పెద్ద చేపలు 153 అని ఉంది; అక్కడ ‘హోస్’ లేదు. దూరాన్ని ఉజ్జాయింపుగా చెప్పి ఊరుకున్న రచయితే చేపల దగ్గరకు వచ్చేసరికి చివరి చేప దాకా లెక్క చెప్పాడు. అందుకే రెండు వేల ఏళ్లుగా పాఠకులు ఈ వచనం దగ్గర ఆగిపోతున్నారు.

అయితే అంకె దగ్గరికి ఇప్పుడే వెళ్లవద్దు. ముందు మాటలు, తరువాతే లెక్క అన్నది ఈ పాఠాలన్నిటికీ పెట్టుకున్న నియమం.

ఈ అధ్యాయంలో చేపను సూచించే గ్రీకు మాటలు మూడు ఉన్నాయి. ఆరు, ఎనిమిది, పదకొండు వచనాల్లో వచ్చే ‘ఇఖ్తూస్’ నీళ్లలో తిరిగే చేపకు మామూలు పేరు. అయిదో వచనంలో యేసు ఒడ్డు నుంచి అడిగేటప్పుడు వాడినది ‘ప్రోస్ఫాగియోన్’. దాని అక్షరార్థం ‘రొట్టెతో పాటు తినేది’. నిప్పుల మీద ఉన్న చేపకు తొమ్మిదో వచనంలో వాడినది ‘ఒప్సారియోన్’; ఇది కూడా రొట్టెలోకి నంజుకునే పదార్థానికి పేరు. నంజుకోవడం అనే క్రియ ఉన్న మన భాషలో దీన్ని వివరించడం తేలిక. మాంసానికి ‘నంజుడు’ అన్న పేరు మనకు వచ్చిన దారీ ఇటువంటిదే. కొత్త నిబంధన మొత్తంలో ‘ఒప్సారియోన్’ యోహాను సువార్తలోనే, అదీ ఆరో అధ్యాయంలోని అయిదు రొట్టెల ఘట్టంలోనూ ఇక్కడా మాత్రమే కనిపిస్తుంది. ఒక ఒడ్డున పంచిన భోజనాన్ని మరో ఒడ్డున గుర్తు చేయడానికి రచయిత ఈ మాటను ఎంచుకున్నాడని నేను అనుకుంటున్నాను. లెక్క చెప్పిన పదకొండో వచనంలో మాత్రం ఉన్న మాట ‘ఇఖ్తూస్’, అంటే ఇంకా వంటకం కాని చేప.

పేతురు వలను లాగాడన్న చోట క్రియ ‘హెల్కో’. ఎనిమిదో వచనంలో మిగతా శిష్యులు చేసిన పనికి వేరే క్రియ, ‘సూరో’, ఉంది. తెలుగులో లాగడానికీ ఈడ్వడానికీ ఉన్న తేడాయే ఇది. తండ్రి ఆకర్షిస్తేనే తప్ప ఎవరూ తన దగ్గరికి రాలేరని ఆరో అధ్యాయంలోనూ, పైకెత్తబడినప్పుడు అందరినీ ఆకర్షించుకుంటానని పన్నెండో అధ్యాయంలోనూ యేసు అన్న చోట్ల ఉన్నది ఈ ‘హెల్కో’యే. ఇంతవరకు చూసి, పేతురు వల లాగడం మనుషులను ప్రభువు దగ్గరికి చేర్చడానికి గుర్తు అని తీర్మానించాలని మనసు తొందరపడుతుంది. పదసూచికలో, అంటే ఒక మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూపే పట్టికలో, మరో చోటు మిగిలి ఉంది: 18వ అధ్యాయంలో ఇదే పేతురు ఒరలోంచి కత్తి దూసినప్పటి క్రియ కూడా ‘హెల్కో’యే. మాట ఒక్కటే అయినంత మాత్రాన ప్రతిచోటా ఒకే లోతు ఉండదు. ఈ పోలికను నేను కొట్టివేయడం లేదు గానీ, కత్తిని లెక్కలోకి తీసుకోకుండా దాన్ని చెప్పకూడదు.

వల చినగలేదన్న మాట ఇంకా ఆసక్తికరమైనది. మన పాత అనువాదంలో ఇక్కడ వల ‘పిగలలేదు’ అని ఉంటుంది. లూకా సువార్త అయిదో అధ్యాయంలోనూ వలలు ‘పిగిలిపోవు’చున్నట్లే చదువుతాం. తెలుగులో రెండు చోట్లా ఒకే ధాతువు ఉన్నా గ్రీకులో క్రియలు వేరు. యోహాను వాడినది ‘స్ఖిజో’. ఇదే క్రియ ఈ సువార్తలో మరొక్క చోటే ఉంది: సిలువ దగ్గర సైనికులు కుట్టులేని అంగీని చింపవద్దని అనుకున్నప్పుడు. దీని నుంచి పుట్టిన ‘స్ఖిస్మా’ అనే నామవాచకాన్ని, యేసును గురించి జనంలో భేదం పుట్టిందని చెప్పడానికి మూడుసార్లు వాడాడు. చినగని అంగీ, చినగని వల, చీలిపోయే జనం అనే ఈ దారం తెలుగు పాఠంలో కనబడదు, ఎందుకంటే ఒకచోట చింపడం, ఒకచోట పిగలడం, ఒకచోట భేదం అయ్యాయి. అనువాదం లేని పోలికను చూపగలదు, ఉన్న పోలికను దాచగలదు. పదసూచిక అలవాటు చేసుకోమని పదేపదే చెప్పడం అందుకే.

ఇప్పుడు 153. ఒక కాగితం మీద ముగ్గుకు పెట్టినట్లు చుక్కలు పెట్టండి: అడుగు వరుసలో 17, దానిపైన 16, ఆపైన 15, అలా శిఖరాన ఒక్క చుక్క వచ్చేవరకు. మొత్తం లెక్కిస్తే 153 చుక్కలు. లెక్కించే ఓపిక లేకపోతే 17ను 18తో గుణించి సగం చేయండి. హిప్పో బిషప్పు అగస్టీను (354–430) ఈ త్రికోణాన్ని చూసే వ్యాఖ్య చెప్పాడు: ధర్మశాస్త్రపు ఆజ్ఞలు పది, పరిశుద్ధాత్మకు గుర్తు ఏడు, రెండూ కలిస్తే పదిహేడు, ఆ పదిహేడు విచ్చుకుంటే నూట యాభై మూడు. లెక్క తప్పులేనిది, అందమైనది. కానీ ఒకటి నుంచి రెండు వందల లోపు ఇలాంటి త్రికోణ సంఖ్యలు పందొమ్మిది ఉన్నాయి, అంటే దాదాపు పదింట ఒకటి. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో ఓడలో ఉన్న 276 మంది కూడా 23 వరుసల త్రికోణమే. త్రికోణం కుదరడం ఒక్కటే సాక్ష్యంగా నిలవదు.

అలెగ్జాండ్రియా బిషప్పు సిరిల్ వంద అన్యజనులకు, యాభై ఇశ్రాయేలుకు, మూడు త్రిత్వానికి గుర్తులన్నాడు. చేపల జాతులు 153 అని ప్రకృతి శాస్త్రవేత్తలు చెబుతారని, బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోము రాస్తూ ఓప్పియన్ అనే కవిని పేర్కొన్నాడు. ఓప్పియన్ కావ్యం మనకు దొరుకుతోంది. అందులో ఆ లెక్క లేదు. దీని మీద ఇంతకన్నా సమయం పెట్టనక్కరలేదు.

మరో దారి అక్షర సంఖ్య. అక్షరాలను అంకెలుగా చదివే కటపయాది పద్ధతి మనకు తెలుసు: ‘ధీరశంకరాభరణం’లో ధ తొమ్మిది, ర రెండు, తిప్పి చదివితే 29వ మేళకర్త. హీబ్రూ, గ్రీకు పద్ధతి వేరు. అక్కడ అక్షరాలే అంకెలు, వాటిని స్థానాల్లో ఉంచకుండా కూడతారు. యెహెజ్కేలు 47వ అధ్యాయంలో ఆలయం నుంచి పారే నది వల్ల ఉప్పు సముద్రంలో చేపలు విస్తరిస్తాయి, ఏన్గెదీ మొదలు ఏనెగ్లాయీము వరకు వలలు ఆరవేస్తారు. ‘గెదీ’లో గీమెల్ 3, దాలెత్ 4, యోద్ 10, మొత్తం 17. ‘ఎగ్లాయీము’లో ఆయిన్ 70, గీమెల్ 3, లామెద్ 30, యోద్ 10, మేమ్ 40, మొత్తం 153. 1958లో ఎమర్టన్ అనే పండితుడు ఈ లెక్కను ముందుకు తెచ్చాడు. చేపలు, వలలు, జీవజలం అన్నీ రెండు చోట్లా ఉండటం దీనికి బలం. బలహీనత మీరే కనిపెట్టవచ్చు: రెండు పేర్లలోనూ ‘ఊట’ అని అర్థమిచ్చే ‘ఏన్’ను వదిలేస్తేనే ఇది కుదురుతుంది. దాని విలువ 130; కలిపితే 147, 283 వస్తాయి.

గ్రీకులో ‘ఇఖ్తూయెస్’, అంటే ‘చేపలు’, 1224 అవుతుంది. అది 153కు ఎనిమిది రెట్లు. ‘తో దిక్తుయోన్’, అంటే ‘వల’, కూడా 1224. ఈ రెండోది వచనంలో అదే రూపంలో రెండుసార్లు ఉంది. మొదటిది లేదు, వచనంలో ఉన్నది షష్ఠీ రూపం ‘ఇఖ్తూయోన్’, దాని మొత్తం 1869, 153తో భాగిస్తే శేషం మిగులుతుంది. అక్షర సంఖ్యలను ఎవరు చూపినా, వచనంలో ఉన్న రూపాన్నే కూడారా అన్నది మొదట అడగండి. ప్రకటన 13వ అధ్యాయంలో 666 దగ్గర రచయితే లెక్కించుకొమ్మని చెప్పాడు. ఇక్కడ అటువంటి పిలుపు లేదు.

నా తూకంలో యెహెజ్కేలు పోలిక నిలుస్తుంది, కానీ దాన్ని నిలబెడుతున్నది వలలూ నీళ్లూ. అక్షరాల మొత్తం దానికి తోడు మాత్రమే. వీటన్నిటి కన్నా ముందు, జాలరులు చేపలను వాటాల కోసం లెక్కపెడతారన్న సాదా అర్థం కూడా ఉంది. రెండో వచనంలో శిష్యులు ఏడుగురు. తలా 21 పోగా ఆరు మిగులుతాయి. ఆ ఆరింటికీ ఎవరూ గుర్తు వెదకకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

వచ్చే పాఠానికి అభ్యాసం: యోహాను 5వ అధ్యాయంలోని 38 ఏళ్లను ద్వితీయోపదేశకాండము 2వ అధ్యాయం 14వ వచనంతో పక్కపక్కన రాయండి. రెండు ఘట్టాలకూ అంకె కాక ఉమ్మడిగా ఉన్న మాటలేమిటో, ఒక్కటీ దొరక్కపోతే ఆ సంగతిని కూడా, కాగితం మీద పెట్టండి.