బ్యాట్‌మన్ చీకటి కథలు: ఏది ముందు, ఎలా చదవాలి
ముందు ‘ఇయర్ వన్’ తీసుకోండి. 1987లో ‘బ్యాట్‌మన్’ కామిక్ 404 నుంచి 407 వరకు నాలుగు సంచికల్లో వచ్చిన కథ ఇది. ఒక్క సాయంత్రం చాలు. బ్రూస్ (ముసుగు తీసిన బ్యాట్‌మన్), పోలీసు అధికారి గోర్డన్‌ల మనసులో మాటలు వేర్వేరు చేతిరాతల్లో ఉంటాయి. ఆ తేడా పట్టుకోకపోతే ఎవరి గొంతో అర్థంకాక తికమకపడతారు. తేదీలనూ వదలొద్దు, కథ ఏడాది పొడవునా నడుస్తుంది.

1986 నాటి ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’ ఆ తర్వాతే చదవండి. అందులో బ్రూస్‌కి 55 ఏళ్లు. కుర్రతనం చూశాకే ఆ ముసలితనం బరువు తెలుస్తుంది. పేజీని పదహారు గళ్లుగా విడగొట్టారు. టీవీ బొమ్మలున్న గళ్లు దాటేస్తే కథే తెగిపోతుంది, బ్యాట్‌మన్ గురించి ఊరి వాదనంతా అక్కడే ఉంది. ఫోన్‌లో ఒక్కో గడీ చూస్తే పేజీ లయ పోతుంది. కాగితం మీదే చదవండి.