ముఖ్యమైన మెయిల్ పంపబోతున్నారా? ముందు ఆ పాత అడ్రస్‌లు తీసేయండి

జీతాల వివరాలో, ఒప్పంద పత్రాలో, మెడికల్ రిపోర్టులో మెయిల్‌లో పంపాల్సి ఉంటే, ఫైలు ఎంత జాగ్రత్తగా చూసుకుంటామో 'టు' గడినీ అంత జాగ్రత్తగా చూసుకోవాలి. రెండక్షరాలు కొట్టగానే కింద పేర్లు వచ్చేస్తాయి. హడావుడిలో మొదటి పేరు మీద ఎంటర్ నొక్కేస్తాం. అదే పేరున్న ఇంకొకరికి వెళ్లిపోతే అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

ఈ పేర్లు కాంటాక్ట్స్ నుంచే వస్తాయని చాలామంది అనుకుంటారు. క్లాసిక్ అవుట్‌లుక్‌లో (కంప్యూటర్‌లో వేసుకునే మైక్రోసాఫ్ట్ పాత మెయిల్ ప్రోగ్రామ్) దీనికి వేరే జాబితా ఉంది. మీరు ఇదివరకు మెయిల్ పంపిన అడ్రస్‌లు 1000 వరకూ అందులో చేరతాయి. కాంటాక్ట్ తీసేసినా ఇక్కడ ఉండిపోతుంది. తప్పు స్పెల్లింగ్‌తో పంపిన అడ్రస్, ఉద్యోగం మానేసినవాళ్ల ఆఫీసు ఐడీ, అన్నీ ఉంటాయి.

నాకు ఎక్కువ భయం మోసగాళ్ల అడ్రస్‌లతోనే. ఇంగ్లిష్ 'ఎమ్' ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెడితే చిన్న అక్షరాల్లో తేడా కనిపించదు. అలాంటి మెయిల్‌కు ఒక్కసారి జవాబిచ్చినా చాలు, ఆ తర్వాత అసలు అడ్రస్ పక్కనే నకిలీదీ కనిపించొచ్చు.

అవుట్‌లుక్‌లో కింద వచ్చే పేర్లలో అక్కర్లేనిదాని పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కితే అది పోతుంది. జాబితా మొత్తం తుడిచేసే బటన్ కూడా ఆప్షన్స్‌లోని 'మెయిల్' విభాగంలో ఉంది. కానీ పనికొచ్చేవీ పోతాయి కాబట్టి దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. జీమెయిల్ వాడితే గూగుల్ కాంటాక్ట్స్‌లో 'అదర్ కాంటాక్ట్స్' తెరిచి అక్కర్లేనివి తీసేయండి. కొత్త అడ్రస్‌లు వాటంతటవే చేరకుండా జీమెయిల్ సెట్టింగ్స్‌లోని 'జనరల్'లో మార్చుకోవచ్చు. థండర్‌బర్డ్‌లో 'కలెక్టెడ్ అడ్రసెస్', ఆపిల్ మెయిల్‌లో 'ప్రీవియస్ రెసిపియెంట్స్' చూడండి.

పంపే రోజున ముందు మెయిల్ రాసి, ఫైలు జోడించి, అడ్రస్ చివర్లో పెట్టండి. పేరు మీద మౌస్ ఉంచి పూర్తి అడ్రస్ చదవండి, ముఖ్యంగా '@' తర్వాతి భాగం. జీమెయిల్‌లో 'అన్‌డు సెండ్' (పంపిన మెయిల్‌ను వెంటనే ఆపే సదుపాయం) గడువును 30 సెకన్లకు పెంచుకోండి. అవుట్‌లుక్ 'రీకాల్'ను నమ్ముకోవద్దు, బయటి సంస్థలకు వెళ్లిన మెయిల్‌ను అది వెనక్కి తేలేదు. ఒకవేళ తప్పుగా వెళ్లిపోతే, అందుకున్నవారికి వెంటనే చెప్పి డిలీట్ చేయమని అడగండి, ఆఫీసు మెయిలైతే పైవాళ్లకూ దాచకుండా చెప్పండి. ఆ అడ్రస్‌ను సూచనల్లోంచి అప్పుడే తీసేయండి.