సెల్ఫ్ తిరగడం లేదా? బ్యాటరీ మార్చే ముందు వోల్టేజ్ డ్రాప్ చూడటం ఎలా?

తాళం తిప్పితే టిక్కుమంటుంది తప్ప సెల్ఫ్ తిరగదు. చాలా షెడ్లలో దీనికి మొదటి మందు కొత్త బ్యాటరీయే. కొన్నాళ్లకు అదే బండి అదే జబ్బుతో మళ్లీ వస్తుంది. పోయేది కస్టమర్ డబ్బు, దాంతోపాటు మన మీద నమ్మకం. కొలవకుండా ఏ పార్టూ మార్చకూడదన్నది నా గట్టి అభిప్రాయం. దానికి మామూలు మల్టీమీటర్ చాలు.

మన నెల్లూరు, ఒంగోలు వైపు ఈ జాగ్రత్త ఇంకా అవసరం. కృష్ణపట్నం, మైపాడు, కొత్తపట్నం వైపు తిరిగే బండ్లకు ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది. రొయ్యల వ్యాన్లలో ఐసు కరిగి, ఉప్పునీళ్లు ఛాసిస్ మీదికి కారతాయి. ఎర్త్ వైరు జాయింట్లు చిలుము పట్టేది ఇక్కడే. చీమకుర్తి గ్రానైట్ లారీలకైతే అదురుకి ఎర్త్ బోల్టులే వదులవుతాయి.

ముందు బ్యాటరీ సంగతి తేల్చుకోండి. హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపి, కాసేపు ఆగి కొలవండి. ఇలా చేయకపోతే అప్పటిదాకా నడిచిన బండిలో రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం. తక్కువుంటే ఛార్జ్ చేశాకే మిగతా పరీక్షలు. లారీల్లో రెండు బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు కాబట్టి దేనికది విడిగా కొలవాలి. ఒకటి చచ్చినా రెండోదాన్ని కూడా లాగేస్తుంది.

ఇప్పుడు గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయండి. ఇంజన్ అందుకోకుండా ఇంధనం ఆపండి. పెట్రోల్ బండైతే పంపు ఫ్యూజ్ తీస్తే సరిపోతుంది. మీటర్ బ్యాటరీకి పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఒక్కసారికి పది సెకన్లు మించొద్దు, మధ్యలో సెల్ఫ్ చల్లారనివ్వండి.

వోల్టేజ్ 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీ నీరసించింది, లేదా సెల్ఫ్ మోటార్ కరెంటు ఎక్కువ లాగుతోంది. వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ ఉంటే ఈ రెండిట్లో ఏదో తేలిపోతుంది. అలాకాక బ్యాటరీ దగ్గర 11.5, 12 నిలిచే ఉండి సెల్ఫ్ మాత్రం ఈడుస్తుంటే, దారిలో ఎక్కడో అడ్డు ఉంది, కరెంటు సెల్ఫ్‌కి సరిగా చేరడం లేదు. అలాంటి బండికి కొత్త బ్యాటరీ వేసినా ఒరిగేదేమీ లేదు.

ఆ అడ్డు పట్టుకోవడానికి చాలామంది వైరు విప్పి ఓమ్స్‌లో పెట్టి చూస్తారు, బీప్ వస్తే బాగుందనుకుంటారు. కేబుల్లో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. లెక్క చూడండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 150 ఆంపియర్లు పారుతున్నాయనుకుందాం. జాయింట్‌లో 0.01 ఓమ్ అడ్డున్నా అక్కడే 1.5 వోల్టులు పోతాయి. అంత చిన్న అడ్డు మామూలు మీటర్‌కి కనపడదు, దాని ప్రోబ్ వైర్ల రెసిస్టెన్సే అంతకన్నా ఎక్కువ. అందుకే ఏదీ విప్పకుండా, కరెంటు పారుతుండగానే దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలవాలి. వోల్టేజ్ డ్రాప్ చూడటమంటే ఇదే.

ఎర్త్ వైపు ముందు చూడండి, మన దగ్గర ఎక్కువగా దొరికేది అక్కడే. మీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ సీసం పోస్టు మీదే ఆనించండి, దాన్ని పట్టుకున్న కేబుల్ క్లాంప్ మీద కాదు. ఎర్రది సెల్ఫ్ మోటార్ బాడీ మీద రంగు లేని చోట. సెల్ఫ్ కొట్టినప్పుడు 0.2 వోల్టుల లోపు ఉండాలి. ఎక్కువ చూపిస్తే ఎర్ర ప్రోబ్‌ని ఒక్కో మజిలీ వెనక్కి తెండి: ఇంజన్ బ్లాక్, ఛాసిస్, కేబుల్ కొస, క్లాంప్. ఎక్కడ రీడింగ్ ఒక్కసారిగా తగ్గిందో, ఆ చోటికీ దానికి ముందు చూసిన చోటికీ మధ్యే జబ్బు. ఇంజన్ ఎర్త్ పట్టీ తెగిన బండ్లలో కరెంటు క్లచ్ కేబుల్ గుండా, యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. అవి వేడెక్కుతున్నాయంటే ఇక అనుమానం అక్కర్లేదు.

పాజిటివ్ వైపు ఎర్రది పోస్టు మీద, నల్లది సెల్ఫ్ మీదున్న లావు టెర్మినల్ మీద. ఇక్కడ 0.5 వరకు పర్వాలేదు.

ఒక మెలిక ఉంది. కరెంటు పారకపోతే డ్రాప్ కూడా ఉండదు. టిక్ మాత్రమే వచ్చి మోటార్ తిరక్కపోతే కేబుల్స్ మీద సున్నా చూపించవచ్చు, అది బాగున్నట్టు కాదు. అప్పుడు సోలెనాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్) మీది రెండు లావు టెర్మినళ్ల మధ్య చూడండి. టిక్కుమన్నాక కూడా అక్కడ 12 వోల్టులు నిలబడితే లోపలి కాంటాక్టులు కలవడం లేదు. టిక్ కూడా రాకపోతే సోలెనాయిడ్‌కి వచ్చే సన్న వైరుకి కరెంటు వస్తోందో లేదో, రిలే, క్లచ్ స్విచ్ చూడాలి.

బాగుచేసేటప్పుడు నెగెటివ్ క్లాంప్ ముందు విప్పండి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించండి. చేతి ఉంగరం తీసేయండి. చిలుము, రంగు పూర్తిగా గీకి ఇనుము మెరిసేలా చేసి, గట్టిగా బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాయండి. కేబుల్ లోపల పచ్చగా మారి ఉంటే గీకి లాభం లేదు, అదే లావుది కొత్తది వేయండి. తర్వాత మళ్లీ కొలిచి, ముందు రీడింగ్, తర్వాత రీడింగ్ కస్టమర్‌కి చూపించండి.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వస్తే డైనమో సరిగా ఉన్నట్టే. కొత్త బండ్లలో కంప్యూటర్ దీన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. అన్నీ బాగుండి కూడా రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే, బండి లాక్ చేసి అరగంట ఆగి కరెంటు కొలవండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఏదో లాగుతోంది. ఫ్యూజులు పీకితే నిద్రపోయిన కంప్యూటర్లు లేస్తాయి కాబట్టి, ఫ్యూజ్ తల మీది రెండు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు చూడండి. రీడింగ్ ఉన్న లైన్లో బయట వేయించిన జీపీఎస్, మ్యూజిక్ సిస్టమ్ వైర్లుంటే ముందు వాటినే విప్పి చూడండి.