మెల్‌రోజ్ నుంచి లిండిస్‌ఫార్న్‌కి బయలుదేరే ముందు

స్కాట్లాండ్, ఇంగ్లండ్ సరిహద్దు దాటే సెయింట్ కత్‌బర్ట్స్ వే అనే నడక దారి మెల్‌రోజ్ నుంచి లిండిస్‌ఫార్న్ దీవి దాకా సుమారు 100 కిలోమీటర్లు. ఈ వేసవిలో వెళ్ళేవాళ్ళు బూట్లు, నీళ్ళు ఎలాగూ సర్దుకుంటారు. వీటి సంగతి చూడండి.

• పోటు వేళలు. చివర్లో దీవికి వెళ్ళే దారి రోజుకు రెండుసార్లు సముద్రంలో మునుగుతుంది. దాటొచ్చని స్థానిక కౌన్సిల్ ప్రకటించే వేళలు తారు రోడ్డుకి. గుంజలు పాతిన ఇసుక దారిన నడిచేవాళ్ళు ఆటు తీస్తుండగానే దిగాలి, ఎందుకంటే దాదాపు 5 కిలోమీటర్లు తడి ఇసుకలో అడుగు సాగదు. మధ్యలో పోటుకి చిక్కినవాళ్ళ కోసం స్తంభాల మీద కట్టిన చిన్న గది ఫొటోకి బాగుంటుంది, అందులో ఇరుక్కుంటే కాదు.

• సైకిలా? స్కాట్లాండ్‌లో బాటల మీద వెళ్ళే హక్కునిచ్చిన 2003 చట్టం వల్ల చాలా బాటల మీద తొక్కొచ్చు. ఇంగ్లండ్‌లోకి రాగానే ఫుట్‌పాత్ (నడిచేవాళ్ళ బాట) అని బోర్డుంటే ఆ హక్కు లేదు. బ్రిడిల్‌వే (గుర్రాలు కూడా వెళ్ళే బాట) అయితే సరే.

• మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చెవియట్ కొండల్లో సిగ్నల్‌ని నమ్మలేం.

• దూడలున్న ఆవుల మధ్యలోంచి వెళ్ళొద్దు, చుట్టూ తిరగండి. మీద పడతాయి.

• సాయంత్రం మోకాళ్ళ వెనక చూసుకోండి. పొదల్లో పిడుదులుంటాయి, లైమ్ అనే జబ్బు వాటి కాటువల్లే.